అమ్మల రాత్రి బడికి పిల్లలూ వస్తున్నారు: కలిపి చదివించాలా, వేరుగా కూర్చోబెట్టాలా?

సాయంత్రం_బడి (నారాయణఖేడ్ వైపు)

అందరికీ నమస్తే. నేను మా ఊరి మహిళా సంఘంలో వీఓఏగా (గ్రామ సంఘం సహాయకురాలిగా) పనిచేస్తున్నాను. సంఘంలో చదువు రాని సభ్యుల కోసం 'అమ్మకు అక్షరమాల' అనే ప్రభుత్వ అక్షరాస్యత కార్యక్రమం కింద సాయంత్రం పూట తరగతి నడుపుతున్నాం. పత్తి ఏరడానికి పోయి వచ్చి, వంట చేసి, అందరికీ పెట్టి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. వచ్చేవాళ్ళలో సగం మందికి చిన్న పిల్లలున్నారు. కొందరు అంగన్‌వాడీ పిల్లలు, కొందరు ఒకటో తరగతి. ఇంట్లో వదిలి రాలేరు కాబట్టి వెంట తెస్తారు.

పిల్లలు పలకలు లాక్కుంటారు, ఒళ్ళోకి ఎక్కి బలపం అడుగుతారు. అదైనా సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది వేరే ఉంది. నేను బోర్డు మీద అక్షరం రాసి ఒక తల్లిని అడుగుతాను. ఆమె నోరు తెరిచే లోపే ఒకటో తరగతి చదివే కూతురు గట్టిగా చెప్పేస్తుంది. అందరూ నవ్వుతారు, ఆమె తల దించుకుంటుంది. ఇద్దరు ముగ్గురు ఈ కారణంగానే రావడం మానేశారు.

పిల్లల్ని తీసుకురావద్దని చెప్పమని పైనుంచి సలహా వచ్చింది. తల్లీబిడ్డలను కలిపి చదివించే పద్ధతులు వేరే చోట్ల ఉన్నాయని విన్నాను. చేసి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజంతా కూలి చేసి వచ్చిన మనిషి ఓపికకు తగ్గట్టు ఉండాలి.

అంగన్‌వాడీ_టీచర్ (పాలకొండ)

అక్కా, పిల్లల్ని తేవొద్దని మాత్రం చెప్పకండి. ఆ మాట అన్న మర్నాటి నుంచి చిన్న పిల్లలున్న తల్లి ఒక్కరూ రారు. ఇప్పుడు చదువు నేర్పితే ఇల్లంతా బాగుపడేది వాళ్ళ దగ్గరే.

మా సెంటర్లో తల్లుల సమావేశం రోజు నేను చేసేది చెబుతాను. ముందు తల్లుల పని తల్లులది, పిల్లల ఆట పిల్లలది. మా ఆయమ్మ పిల్లల్ని వరండాలో ఆడిస్తుంది. ఆఖర్న ఒక ఇరవై నిమిషాలు మాత్రం ఇద్దరినీ కలిపి కూర్చోబెడతాను. ఆ ఇరవై నిమిషాల్లో తల్లికి బాగా వచ్చిన పనే పెడతాను, పిల్లకు వచ్చినది పెట్టను. మీరు చెప్పిన తల దించుకోవడం మా దగ్గర తగ్గింది దీనివల్లే.

మొన్న పొడుపు కథలు పెట్టాం. 'అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది.' పిల్లలకు ఎవరికీ తెలియలేదు. తల్లులంతా ఒక్కసారే కవ్వం అన్నారు. కవ్వం అంటే ఏంటమ్మా అని పిల్లలు అడిగితే ఒకావిడ పక్కనే ఉన్న ఇంటికెళ్ళి తెచ్చి, రెండు చేతుల మధ్య తిప్పి చూపించింది. అప్పుడు నేను పలక మీద 'కవ్వం' అని రాశాను. 'క' పిల్లలకు ముందే వచ్చు, వాళ్ళు తల్లులకు చూపించారు. వ కింద వత్తు దగ్గర తల్లీ పిల్లా ఇద్దరూ ఆగిపోయారు. అక్కడ ఇద్దరికీ కలిపి నేర్పాను. ఎవరూ చిన్నబోలేదు.

లెక్కలకు చింతగింజలు చాలు. గుప్పెడు తీసి ఎన్నో ఊహించమనాలి, తర్వాత లెక్కపెట్టించాలి. పదేసి కుప్పలు పెట్టడం తల్లులకు మనం నేర్పక్కర్లేదు, ఎప్పటినుంచో చేస్తున్న పనే. వాళ్ళే పిల్లలకు చూపిస్తారు. చేతివేళ్ళు తిరగడానికి చుక్కల ముగ్గు పెట్టించండి. బలపం పట్టడానికి భయపడే తల్లి కూడా ముగ్గుపిండి పట్టుకుంటే చెయ్యి వణకదు.

లెస్టర్_తెలుగు (ఇంగ్లండ్)

పాలకొండ టీచర్ గారూ, మీరు మీ అనుభవంతో కనిపెట్టిన ఏర్పాటునే ఇక్కడ ఒక పద్ధతిగా నడుపుతారు. నేను ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌ని, ఇలాంటి కోర్సుల్లో పనిచేశాను.

బ్రిటన్‌లో 1994లో దీన్ని కార్డిఫ్, లివర్‌పూల్, నార్ఫోక్, నార్త్ టైన్‌సైడ్‌లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు, చదువులో వెనకబడిన వాళ్ళ తల్లిదండ్రులు. వారానికి 8 గంటల చొప్పున 12 వారాలు, మొత్తం 96 గంటలు. ప్రతి వారం మూడు భాగాలుండేవి. తల్లిదండ్రులకు వాళ్ళ సొంత చదువు, పిల్లలకు వేరే టీచర్ దగ్గర పాఠం, తర్వాత ఇద్దరూ కలిసి చేసే పని. కలిసి చేసే పనిని ముందు తల్లులతో విడిగా కూర్చుని తయారు చేయించేవాళ్ళు. ఏ కథ చెబుతాం, ఏ ప్రశ్న అడుగుతాం, పిల్ల తప్పు చెబితే ఏమంటాం అని. అంటే తల్లి ఆ గదిలోకి వచ్చేసరికి ఆమెకు ఏం చేయాలో తెలిసి ఉంటుంది. సాయంత్రం_బడి గారూ, మీ సమస్యకు మందు ఇక్కడే ఉందని నా నమ్మకం. ముందే సాధన చేసుకుని వచ్చిన తల్లిని కూతురు దాటిపోలేదు.

ఆ కోర్సుల్లో తల్లిదండ్రులు, పిల్లలు ఇద్దరూ చదువులో ముందుకెళ్ళారని, కోర్సు అయ్యాక కూడా అది నిలిచిందని తర్వాత జరిగిన పరిశీలనలో తేలింది.

మా స్కూల్లో తల్లులకు బాగా నచ్చిన పని కథల సంచి. గుడ్డ సంచి కుట్టి, అందులో ఒక బొమ్మల కథ పుస్తకం, ఆ కథలో వచ్చే బొమ్మలు, ఒక చిన్న ఆట పెడతారు. ఇంటికి తీసుకెళ్ళి వారం తర్వాత మార్చుకుంటారు. మా దగ్గర గుజరాతీ, సోమాలీ తల్లులు ఎక్కువ. కథ వాళ్ళ భాషలోనే చెప్పమంటాం. ఇంగ్లిష్ రాదని నోరు మూసుకుని కూర్చున్న తల్లి సొంత భాషలో కథ మొదలుపెట్టాక ఆమె పిల్లాడు ఎలా చూస్తాడో నేను చాలాసార్లు చూశాను. మీ ఊళ్ళో లంబాడీ తండాల నుంచి వచ్చే తల్లులుంటే ఇది గుర్తుపెట్టుకోండి. తెలుగు అక్షరం నేర్పండి, కథ మాత్రం వాళ్ళ భాష గోర్ బోలీలో చెప్పనివ్వండి.

సాయంత్రం_బడి

ఉన్నారండీ, మా క్లాసులో తండా వాళ్ళు ఐదారుగురున్నారు. వాళ్ళే అస్సలు మాట్లాడరు. ఇది నాకు తట్టలేదు, రేపే అడుగుతాను.

గణాంకాలు (హైదరాబాద్)

విద్యా రంగంలో పరిశోధన చేస్తాను. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఇది ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్నది కూడా ఇక్కడ ఉండాలి.

అమెరికాలో కెంటకీ రాష్ట్రం 1986లో ఒక పథకం పెట్టింది. హైస్కూలు పూర్తి చేయని తల్లిదండ్రులు, వాళ్ళ మూడు నాలుగేళ్ళ పిల్లలు ఒకే బడికి వచ్చేవాళ్ళు. దాని వెనకున్న షారన్ డార్లింగ్ 1989లో లూయివిల్‌లో కుటుంబ అక్షరాస్యత కోసం జాతీయ కేంద్రం స్థాపించారు. పెద్దల చదువు, పిల్లల చదువు, పిల్లల పెంపకం గురించి చర్చ, తల్లీబిడ్డలు కలిసి గడిపే సమయం అనే నాలుగు భాగాల నమూనా అక్కడి నుంచే ప్రపంచానికి పాకింది. కేంద్ర ప్రభుత్వం 'ఈవెన్ స్టార్ట్' పేరుతో దాన్ని దేశమంతా తీసుకెళ్ళింది. కానీ 2003లో వచ్చిన జాతీయ మూల్యాంకనంలో, ఆ పథకంలో చేరిన కుటుంబాలకూ చేరని కుటుంబాలకూ పెద్ద తేడా కనిపించలేదు. చేరిన కుటుంబాలు కూడా అందులో గడిపిన గంటలు చాలా తక్కువ. 2011లో నిధులు ఆపేశారు.

మన దేశంలో విద్యారంగంలో పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి బీహార్, రాజస్థాన్‌లలో 480 పల్లెల్లో ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2017లో అచ్చయింది. పల్లెల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపులో తల్లులకు అక్షరాస్యత తరగతులు. ఇంకో గుంపులో ఇంటికి వెళ్ళి, పిల్లలతో ఏం చేయించాలో తల్లులకు చూపించడం. మూడో గుంపులో రెండూ. నాలుగో గుంపులో ఏమీ లేదు. తల్లుల చదువు మెరుగైంది, పిల్లల చదువును పట్టించుకోవడం పెరిగింది. పిల్లల లెక్కల్లో మెరుగుదల కనిపించింది గానీ అది చిన్నది. తరగతులకు హాజరు అక్కడా తక్కువే.

ఈ రెంటి నుంచీ నాకు అర్థమైంది ఒకటే. ఎంత మంచి పాఠమైనా మనిషి రాకపోతే లేనట్టే. మీ క్లాసుకు తల్లులు రావడానికి ఏది అడ్డమో ముందు దాన్ని తీయండి. మీ దగ్గర ఆ అడ్డం పిల్లల అల్లరి కాదు, పిల్లల ముందు సిగ్గు పడాల్సి రావడం. పాలకొండ టీచర్ గారి సలహా సరిగ్గా దానికే తగిలింది.

పెన్నా_గట్టు (నెల్లూరు జిల్లా)

అందరి మాటలూ చదివాను. ఒక విషయం నన్ను కలవరపెడుతోంది. అమ్మకు చదువు ఎందుకూ అంటే పిల్లల కోసం అనే జవాబే అందరి నోటా వస్తోంది. నేను దీన్ని ఒప్పుకోలేను.

1991 జనవరిలో మా జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, వాలంటీరుగా చేరాను. ముందు కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు, నాటకాలు చూసి జనం కదిలారు. రాత్రి తొమ్మిదింటికి లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆడవాళ్ళే ఎక్కువ. చంకలో పిల్లలు అప్పుడూ ఉన్నారు, ఎవరూ వద్దనలేదు.

అప్పటి వాచకాలు 'అ' నుంచి మొదలై వరసగా పోవు. మనిషి రోజూ పలికే మాట తీసుకుని, దాని మీద చర్చ పెట్టి, తర్వాత దాన్ని అక్షరాలుగా విడదీయడం. మూడు వాచకాలు, సుమారు 200 గంటలు. చర్చ పెట్టగానే ఏం వచ్చేదో తెలుసా? కూలి డబ్బులు ఎటు పోతున్నాయి అన్న మాట. ఎక్కడ మొదలుపెట్టినా సారా దగ్గరికే వచ్చేది. మా జిల్లాలోని దూబగుంట ఊళ్ళో ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన సంగతి తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అని పాఠంగా వచ్చింది. ఆ పాఠం చదివిన ఊళ్ళల్లో ఆడవాళ్ళు సారా మీద ఉద్యమానికి కదిలారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పుట్టాయి. ఇవాళ సాయంత్రం_బడి అమ్మాయి పనిచేస్తున్న సంఘాల మూలాల్లో అది కూడా ఒకటి.

మీ బిడ్డకు ఏ ఫర్ ఆపిల్ నేర్పడానికి రండమ్మా అని వాళ్ళను పిలవలేదు. వాళ్ళ బతుకు గురించి మాట్లాడదాం రమ్మన్నాం. మా గుంపులో ఒకామె మస్టరులో (కూలీల హాజరు పుస్తకంలో) వేలిముద్ర వేయను, సంతకమే పెడతానని మేస్త్రీతో గొడవ పడింది. మేస్త్రీ రాసుకున్న రోజులకూ ఆమె చేసిన రోజులకూ తేడా ఉందని ఆ రోజే బయటపడింది. ఆమె పిల్లల చదువు బాగుపడి ఉంటే, ఇంట్లోకి పూర్తి కూలి రావడం వల్లే బాగుపడి ఉంటుంది.

పిల్లలతో కలిపి కూర్చోబెట్టండి, నేను వద్దనను. కానీ ఆ తల్లి సొంత అవసరాన్ని పక్కన పెట్టి, ఆమెను పిల్లకు ట్యూషన్ టీచరుగా మార్చే కోర్సు అయితే అది ఆమె మీద ఇంకో పని మోపడమే.

రవ్వలడ్డు (విజయవాడ)

పెన్నా_గట్టు గారూ, మీ మాట కాదనను. కానీ మా అమ్మ సంగతి చెప్తాను. అమ్మకు చదువు రాదు. మా చెల్లి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దాని హోంవర్క్ పక్కన కూర్చుని అమ్మ తన పలక మీద రాసుకునేది. చెల్లిని ఒక్కో అక్షరం రెండుసార్లు పైకి చదవమనేది. దానికి బాగా రావాలని అమ్మ చెబుతోంది అనుకునేవాళ్ళం. తను నేర్చుకోవడానికని తర్వాత తెలిసింది. ఇప్పుడు గ్యాస్ బిల్లు, బస్సు బోర్డు, వాట్సాప్‌లో మెసేజ్ అన్నీ చదువుతుంది. చెల్లి ఇప్పుడు బీఈడీ చేస్తోంది.

అమ్మని ఎవరైనా నీ కోసం చదువుకో అని పిలిస్తే వెళ్ళేది కాదు. నాకెందుకు ఈ వయసులో అనేది. పిల్ల కోసం అంటే కూర్చుంది. చాలామంది తల్లులకు గడప దాటడానికి ఆ సాకు కావాలి. దాటాక ఎవరి కోసం అన్నది వాళ్ళే తేల్చుకుంటారు.

గణాంకాలు

మీ ఇద్దరి మాటలూ కలిసే చోటు ఒకటుంది. టర్కీలో చీదెమ్ కాయత్‌చిబాషి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో ఇస్తాంబుల్ పేద బస్తీల్లో తల్లులకు శిక్షణ మొదలుపెట్టారు. పిల్లలతో ఇంట్లో ఏం చేయాలి అన్నది సగం అయితే, తల్లుల గుంపు సమావేశాల్లో ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, ఇంట్లో తన మాట చెప్పుకోవడం లాంటివి మిగతా సగం. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, శిక్షణ పొందిన తల్లుల పిల్లలు బడిలో ఎక్కువ మంది కొనసాగుతున్నారు. ఆ తల్లులకు ఇంట్లో విలువ పెరిగింది. పిల్లలు పెద్దయ్యాక కూడా వెతికి పట్టుకుని చూశారు, లాభం నిలిచే ఉంది. ఆ అనుభవం మీదే 1993లో అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ పుట్టి, తల్లీబిడ్డల కార్యక్రమాన్ని 25 వారాల కోర్సుగా దేశమంతా నడిపింది. పెద్దల అక్షరాస్యత తరగతులు కూడా విడిగా పెట్టింది.

పెన్నా_గట్టు

తల్లికి మాట వచ్చేలా చేసిన కోర్సు అయితే నాకు పేచీ లేదు. రవ్వలడ్డు బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

పాలమూరు_టీచర్ (మహబూబ్‌నగర్ జిల్లా)

ఆలస్యంగా చూశాను. అందరూ తల్లుల గురించే రాశారు. మా బళ్ళో చాలామంది పిల్లలకు ఇంట్లో తల్లి ఉండదు. దసరా దాటితే తల్లీ తండ్రీ ఇద్దరూ ముంబై, పుణె పనులకు వెళ్ళిపోతారు, పిల్లలు నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. మీటింగ్‌కు రమ్మంటే వచ్చేది ఆమే, వేలిముద్ర వేసేదీ ఆమే. కుటుంబం కలిసి చదవడం అంటే మా దగ్గర ముసలామె, మనవడు కలిసి చదవడం.

నేను చేసే పని ఒకటి చెబుతాను. దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు. నాయనమ్మను కూర్చోబెట్టి ఏదైనా చెప్పమంటాను. కరువు సంవత్సరం సంగతో, తన పెళ్ళి సంగతో, కురుమూర్తి జాతరకు ఎడ్ల బండి మీద పోయిన సంగతో. ఆమె చెప్పిన మాటల్లోంచి ఐదారు వాక్యాలు, ఆమె యాసలోనే, ఒక చార్టు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. 'బండ్ల మీద పోయినం. తొవ్వల వాన కొట్టింది.' ఇలాగే. పుస్తక భాషలోకి మార్చను. మనవడు దాన్ని వేలు పెట్టి చదువుతాడు, ఆమె వింటుంది. ఎక్కడైనా వాడు తప్పు చదివితే ఆమె పట్టేస్తుంది, ఎందుకంటే అది ఆమె మాటే. మర్నాడు ఆ చార్టులో 'వాన' ఎక్కడుందో చూపించమంటే ఆమె వేలు సరిగ్గా అక్కడికే పోతుంది. అక్కడి నుంచి 'వా', 'న' విడదీస్తాను.

సాయంత్రం_బడి చెల్లెమ్మా, పిల్ల ముందే జవాబు చెప్పేస్తుంది అన్నారు కదా. ఈ పద్ధతిలో పిల్లకు అక్షరం తెలుసు, పెద్దామెకు విషయం తెలుసు. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు పోలేరు.

ఇక చదవడానికి ఇంకా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయివి ప్రింటు తీసుకోండి, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ళకు కూడా అవే సరిపోతాయి. పెద్దవాళ్ళు చిన్నపిల్లల పుస్తకం పట్టుకోవడానికి మొహమాటపడతారు, కానీ మనవడికి చదివి వినిపించమంటే ఆ మొహమాటం ఉండదు.

లెస్టర్_తెలుగు

ఆ చార్టులు పారేయకండి సార్. బడిలోనే దాచిపెట్టండి.

సాయంత్రం_బడి

ఇంత మంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. నేను అనుకుంటున్నది చెబుతాను, సరిచేయండి. మొదటి ముప్పావు గంట తల్లులకు, పిల్లల్ని పంచాయతీ వరండాలో ఇంటర్ చదివే ఇద్దరు అమ్మాయిలు ఆడిస్తారు (అడిగాను, ఒప్పుకున్నారు). తర్వాత అరగంట కలిసి. మంగళవారం పొడుపు కథలు, గురువారం తల్లుల మాటల చార్టు, శనివారం సంఘం లెక్కలు. అప్పు ఎంత, వాయిదా ఎంత, పొదుపు ఎంత అని వాళ్ళ పాస్‌బుక్కులే చదివిస్తాను. పెన్నా_గట్టు సార్ చెప్పిన మస్టరు మాట చదివాక ఇది పెట్టాలనిపించింది.

రెండు సందేహాలు. తండ్రులను ఎలా రప్పించాలి? ఉల్లాస్ (కేంద్రం నడిపే పెద్దల అక్షరాస్యత పథకం) పరీక్ష వస్తుంది కదా, చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు. ఇలా కథలు, ముగ్గులు చేయిస్తుంటే దానికి ఎలా సిద్ధం చేయాలి?

పాలమూరు_టీచర్

తండ్రులు ఊరికే రారు, పని ఉంటే వస్తారు. మా దగ్గర ధాన్యం తూకం చీటీ, కొనుగోలు కేంద్రం రసీదు చదువుదాం అని ఒక రాత్రి పెడితే కొందరు వచ్చారు. తూకంలో తరుగు ఎంత తీశారో లెక్క చూడటం ఐదో తరగతి పిల్లలతోనే చేయించాను. ఆ తర్వాత కూడా ఒకరిద్దరు వస్తున్నారు. పెద్ద ఆశలు పెట్టుకోకండి, వచ్చినవాళ్ళను వదలకండి.

పరీక్ష సంగతికి టెన్షన్ పడకండి. అందులో అడిగేవి రోజూ పనికొచ్చే చదువూ లెక్కలే, మీరు పాస్‌బుక్కుతో చేయించేది దానికి సరిపోతుంది. పరీక్ష ముందు రెండు వారాలు ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో చూపించి, పెన్నుతో కాగితం మీద రాయడం అలవాటు చేయండి. పలక మీద రాసిన చేతికి గీతల కాగితం కష్టంగా ఉంటుంది, చిన్నగా రాయడం రాదు.

అంగన్‌వాడీ_టీచర్

ఆ సాధన మాత్రం పిల్లలు వరండాలో ఉన్నప్పుడే చేయించండి అక్కా, కలిసి కూర్చున్నప్పుడు వద్దు. మార్కులు కూడా ఎవరివి వాళ్ళకే విడిగా చెప్పండి. ఇంకోటి, పిల్లల బలపాలకు వేరే డబ్బా పెట్టండి, సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. సిగ్గుపడి మానేసిన ఆ ఇద్దరు ముగ్గురి ఇళ్ళకు మీరే వెళ్ళి, గురువారం చార్టుకు వాళ్ళ మాటే కావాలని అడగండి. మొదటి చార్టు వాళ్ళదే రాయండి.